దాత, నీరుగంటి

నైతిక తత్వశాస్త్రం మీద ఒక్క వ్యాసమైనా చదివినవాళ్ళకు పీటర్ సింగర్ చెప్పిన కుంట కథ తెలిసే ఉంటుంది. 1971లో తూర్పు బెంగాల్ నుంచి లక్షలమంది శరణార్థులు మన దేశంలోకి వస్తున్నప్పుడు ఆయన ఒక వ్యాసం రాశాడు. 1972లో అచ్చయింది. అందులో ఒక ఊహ ఉంది. మీరు దారిన పోతున్నారు. పెద్దగా లోతు లేని ఒక కుంటలో పసివాడు మునిగిపోతున్నాడు. దిగి తీస్తే మీ బట్టలకు బురదవుతుంది, అంతే. దిగుతారా? దిగుతామనే అందరం అంటాం. అయితే ఎక్కడో దూరాన ఆకలితో చచ్చిపోతున్న పిల్లవాడి కోసం ఆ బట్టల ఖరీదు ఎందుకు పంపరు అని అడుగుతాడు సింగర్. మధ్యలో ఉన్నది దూరమే కదా, దూరానికి నీతితో ఏం పని అని.

ఇంజనీరింగ్ అయిపోయిన కొత్తల్లో, బెంగళూరు పీజీ గదిలో చదివాను దీన్ని. చాలా రోజులు వదల్లేదు. ఇప్పటికీ తప్పని అనను. కానీ మాది హిందూపురం. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా అని మేం బడిలో బట్టీపట్టిన అనంతపురం జిల్లా (2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా అయ్యాం, వాన మాత్రం అంతే). మా వైపు ఒక చెరువు నిండి మరవ పారితే ఊరు ఊరంతా పోయి పసుపు కుంకుమ వేసి, కాయ కొట్టి వస్తుంది. పిల్లవాడు మునిగేంత నీళ్ళుంటే అది ముందు పండగ, తర్వాతే ప్రమాదం. ఈ ఉదాహరణ మా ఊరికి నప్పదే అని సరదాగా అనుకున్నాను అప్పట్లో. తర్వాత తర్వాత అది సరదా కాకుండా పోయింది. ఎందుకంటే మా వైపు పిల్లలకు చెరుపు చేసే నీళ్ళు కుంటలో ఉండవు. గ్లాసులో ఉంటాయి. ఒక్కసారిగా ముంచవు, రోజూ రెండు మూడు గ్లాసులుగా లోపలికి పోతాయి.

ఫ్లోరైడ్ అనగానే అందరికీ నల్గొండ గుర్తొస్తుంది. మన దేశంలో ఆ జబ్బును మొదట గుర్తించి వైద్యులు రాసింది మాత్రం 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో. అనంతపురం నేల కూడా అలాంటిదే: గ్రానైటు, నైసు రాళ్ళు. ఆ రాళ్ళలోని ఖనిజాల్లోంచి ఫ్లోరైడ్ నీళ్ళలోకి కరుగుతుంది. చెరువులు ఎండి, బావులు ఎండి, బోర్లు లోతుకు పోయేకొద్దీ మనం తాగేది రాయితో ఎక్కువ కాలం కాపురం చేసిన నీళ్ళు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా పర్వాలేదు అంటుంది మన ప్రమాణం. దాటితే మొదట పళ్ళ మీద చారలు, మచ్చలు. ఇంకా ఎక్కువైతే, ఏళ్ళ తరబడి తాగితే, ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. శాశ్వత దంతాల మీది ఎనామిల్ ఎనిమిదేళ్ళ వయసులోపే దాదాపు తయారైపోతుంది. ఆ తర్వాత ఎంత మంచి నీళ్ళు ఇచ్చినా ఆ చారలు పోవు.

ఇంకో సంగతి, దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కాచి తాగితే పోదు సరికదా, నీరు ఆవిరైనకొద్దీ మిగిలినదాంట్లో శాతం పెరుగుతుంది. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో అందరి దగ్గరా ఉండే ఆ పెన్ను లాంటి టీడీఎస్ మీటరు మొత్తం ఉప్పులెన్నో చెప్తుంది తప్ప ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు.

చవక ఫిల్టర్లు లేవా అంటే, బోలెడున్నాయి. కొవ్వొత్తి లాంటి క్యాండిల్ ఉండే స్టీలు ఫిల్టరు మన అమ్మమ్మల కాలం నుంచి ఉంది. 2009 డిసెంబరులో టాటా వాళ్ళు స్వచ్ఛ్ అని ఒకటి తెచ్చారు: వరిపొట్టు బూడిద, వెండి నానో కణాలు, కరెంటు అక్కర్లేదు, వెయ్యి రూపాయల లోపు ధర. మంచి ఇంజనీరింగ్. కానీ ఇవన్నీ క్రిముల కోసం. కలరా ఉన్న చోట ప్రాణాలు కాపాడతాయి, ఫ్లోరైడ్‌ను మాత్రం దర్జాగా లోపలికి పంపేస్తాయి. ఫ్లోరైడ్ కోసమే నాగపూర్‌లోని నీరీ సంస్థ వాళ్ళు కనిపెట్టినదాన్ని నల్గొండ పద్ధతి అంటారు. నీళ్ళలో సున్నం, పటిక లెక్క ప్రకారం వేసి, బాగా కలిపి, గంటసేపు కదలకుండా ఉంచితే ఫ్లోరైడ్ తెట్టుతో పాటు అడుక్కు దిగుతుంది. పైనీళ్ళు వంచుకోవాలి. ఇంట్లో ఒక బకెట్టు చాలు, ఖర్చు పైసల్లోనే. అయితే ఎంత పటిక వేయాలన్నది ఆ నీళ్ళను బట్టి మారుతుంది, ఎక్కువైతే అల్యూమినియం మిగులుతుంది, తక్కువైతే పని జరగదు, అడుగున చేరిన బురదను ఎక్కడ పారబోయాలో చూసుకోవాలి. ఇదంతా రోజూ. పొలం పనికి పోయే మనిషి, తెల్లారకముందే, రోజూ చేయాలి. ఇక ఆర్.ఓ. సంగతి అందరికీ తెలిసిందే. అది ఫ్లోరైడ్‌ను తీసేస్తుంది. దానికి కరెంటు కావాలి, ముందు ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు శుభ్రంగా ఉండాలి, రెండు మూడేళ్ళకోసారి మెంబ్రేన్ మార్చాలి. మా బోర్ల నీళ్ళకైతే ఇంకా ముందే పోవచ్చు.

చవక ఫిల్టరు అనే మాటలో చవకైనది ఫిల్టరే. 'రోజూ' అన్నది మాత్రం ఎప్పుడూ ఖరీదే. సింగర్ కుంటతో నాకు పేచీ వచ్చింది ఇక్కడ. ఆయన పిల్లవాడిని ఒకసారి తీస్తే పని అయిపోతుంది. తడి బట్టలతో ఇంటికి పోవచ్చు, మంచి పని చేశానన్న తృప్తితో నిద్రపోవచ్చు. మా పిల్లవాడు రేపు పొద్దున మళ్ళీ అదే కుంటలో ఉంటాడు. ఎల్లుండీ ఉంటాడు. రోజూ దిగాల్సిన కుంట పట్ల మన బాధ్యత ఏమిటి? దాతృత్వం గురించి మనకున్న ఊహలన్నీ ఒక్కసారి దిగే కుంట చుట్టూ అల్లినవే అని నా అనుమానం.

ఇది ఊరికే తలలో తిరిగే ప్రశ్నగా ఉండి ఉంటే వ్యాసం రాసేవాణ్ణి కాదేమో. మా ఇంజనీరింగ్ బ్యాచ్‌లో మా జిల్లా వాళ్ళం పదకొండు మందిమి ఉన్నాం. బెంగళూరు, హైదరాబాదు, ఇద్దరు డాలస్. పదేళ్ళయిన సందర్భంగా ఏదైనా చేద్దామనుకున్నప్పుడు, పెనుకొండ దగ్గర ఒక పల్లెలో ఆర్.ఓ. ప్లాంటు పెడదామని ఒకడు అన్నాడు. అందరికీ నచ్చింది. రేకుల షెడ్డు, యంత్రం, ట్యాంకు, బోరు కనెక్షను, పైన మా కాలేజీ పేరు, బ్యాచ్ పేరుతో బోర్డు. నేను దగ్గర కాబట్టి పోయి చూసి రమ్మన్నారు. పోయాను. ఆ ఊళ్ళో బడికీ రచ్చకట్టకూ మధ్య ఒక ఆర్.ఓ. ప్లాంటు అప్పటికే ఉంది. రేకుల షెడ్డు, యంత్రం, ట్యాంకు, పైన ఒక పెద్ద బోర్డు, దాత పేరు. షట్టరుకు తాళం, తాళానికి తుప్పు. మెంబ్రేన్ పోయి రెండేళ్ళయిందట. మార్చడానికి ఎవరి దగ్గరా డబ్బు లేదు, ఎవరు మార్చాలో ఎవరికీ తెలియదు. జనం మూడు కిలోమీటర్ల అవతలి ఊరి నుంచి ఆటోలో వచ్చే క్యాన్లు కొంటున్నారు. కొనలేనివాళ్ళు బోరు నీళ్ళు తాగుతున్నారు.

గ్రూపులో ఫోటోలు పెట్టాను. దీన్ని బాగుచేయిస్తే మనం అనుకున్న డబ్బులో ఐదో వంతు కూడా కాదు, మిగిలింది బ్యాంకులో వేసి దాన్ని నడిపే మనిషి జీతానికీ, మెంబ్రేన్లకూ వాడదాం అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకడు అడిగాడు: "మరి బోర్డు?" వాడు చెడ్డవాడు కాదు. వాళ్ళ నాయన పేరు కూడా ఆ బోర్డు మీద రాయించాలని అనుకున్నాడు. నాయన పోయి ఏడాది కాలేదు. ఇంకొకడు ఇంకా సూటిగా అన్నాడు: "ఎవరో కట్టి వదిలేసినదానికి మనం ఎందుకు పెట్టాలిరా?"

ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. పక్కవాడు పారేసిన బాధ్యతను మనం ఎత్తుకుంటే, పారేయడం వాడికి ఇంకా సులువవుతుంది. ప్రభుత్వం చేయాల్సింది మనం చేస్తే ప్రభుత్వం చేతులు దులుపుకుంటుంది అనే వాదన కూడా ఇలాంటిదే. కానీ ఈ వాదన గెలిచేదాకా ఎనిమిదేళ్ళ లోపు పిల్లల పళ్ళు ఆగవు. ఎదురుచూడటం కూడా ఒక ఖర్చే, దాన్ని కట్టేది మాత్రం మనం కాదు.

కట్టడానికి మన దగ్గరున్న గౌరవం, కాపాడటానికి లేదు. ఇది మా బ్యాచ్ జబ్బు మాత్రమే కాదు. 1994 నవంబరులో సత్యసాయిబాబా అనంతపురం జిల్లాకు తాగునీటి పథకం ప్రకటించారు. ఎల్ అండ్ టీ సంస్థ కట్టింది. ఏడాదిన్నర అటూఇటూలో 700కు పైగా ఊళ్ళకు పైపులు పోయాయి. చాలాచోట్ల రిజర్వాయర్ల నీళ్ళే తెచ్చారు కాబట్టి ఫ్లోరైడ్ బాధ అక్కడ ఫిల్టరు లేకుండానే తగ్గింది. నిజంగా గొప్ప పని, ఆ పథకంతో పోల్చదగ్గది మా జిల్లా అంతకుముందు చూడలేదు. 1999 నవంబరులో తపాలా శాఖ దాని మీద స్టాంపు కూడా వేసింది. తర్వాత నిర్వహణ ప్రభుత్వానికి వెళ్ళింది. అప్పటి నుంచి ఆ పంపులు నడిపే కాంట్రాక్టు కార్మికులు నెలల తరబడి రాని జీతాల కోసం సమ్మెకు దిగారని, ఊళ్ళకు నీళ్ళు ఆగాయని జిల్లా ఎడిషన్లలో ఎన్నిసార్లు చదివానో. కట్టినదానికి స్టాంపు వచ్చింది. నడిపేవాడికి జీతమే సరిగ్గా రాలేదు.

ప్రపంచంలో వేరేచోట్లా ఇదే కథ. దక్షిణాఫ్రికాలో ప్లేపంప్ అని ఒకటి వచ్చింది. పిల్లలు ఎక్కి తిరిగే రంగులరాట్నం, అది తిరిగితే కింద బోరు నుంచి నీళ్ళు పైకొస్తాయి. ఎంత ముచ్చటగా ఉందో చూడండి. 2006లో అమెరికాలో దానికి కోటీ అరవై లక్షల డాలర్ల పైచిలుకు సాయం ప్రకటించారు. కొన్నేళ్ళకే చాలాచోట్ల ఆ రాట్నాలు పాడైపోయాయి, బాగున్నచోట పిల్లలు విసిగిపోతే ఆడవాళ్ళు చేత్తో తిప్పుకోవాల్సి వచ్చింది. అంతకుముందున్న మామూలు చేతిపంపే నయమన్నారు. ఫోటోలో చేతిపంపు కన్నా రాట్నం బాగుంటుంది, అంతే తేడా.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. కొత్త ఫీచర్ లాంచ్ చేసినవాడికి ప్రమోషన్. రాత్రి రెండింటికి పేజర్ మోగితే లేచి సర్వర్ నిలబెట్టినవాడికి పొద్దున స్టాండప్‌లో రెండు చప్పట్లు. హన్నా ఆరెంట్ 'ది హ్యూమన్ కండిషన్' (1958)లో మనిషి పనిని విడదీసి చూస్తుంది. ఒకటి లోకంలో నిలిచిపోయే వస్తువును తయారుచేసేది, ఇంకొకటి బతుకు సాగడానికి రోజూ చేసి రోజూ చెరిగిపోయేది. రెండోదానికి గుర్తుగా ఏమీ మిగలదు. వంట, గిన్నెలు, ఊడ్చటం. మెంబ్రేన్ మార్చటం కూడా అందులోకే వస్తుంది. మన ఇళ్ళలో ఆ పని ఎవరు చేస్తారో చూస్తే, దానికి గౌరవం ఎందుకు లేదో వేరే చెప్పనక్కర్లేదు.

మనకు ఇది మొదటినుంచీ ఇంతేనా అని వెతుకుతుంటే ఒక శాసనం కంటపడింది. హిందూపురం నుంచి సరిహద్దు దాటితే గౌరిబిదనూరు తాలూకా. అక్కడ కల్లుడిలో 1388 నాటి శాసనం ఉంది. పెనుకొండలో ఉండి ఏలుతున్న ప్రతాప బుక్కరాయలు ప్రజల సుఖం కోసం పెన్నా నీటిని పెనుకొండకు తీసుకురమ్మని, పది విద్యలు తెలిసిన జలసూత్ర నిపుణుడు సింగాయభట్టును ఆదేశించాడు. ఆయన కల్లుడి నుంచి సిరువెర చెరువు దాకా కాలువ తీశాడు. జలసూత్రం! మన దగ్గర హైడ్రాలిక్ ఇంజనీరుకు ఆరు వందల ఏళ్ళ కిందే డెసిగ్నేషన్ ఉందన్నమాట. దానికి ఓ ఇరవై ఏళ్ళ ముందు, 1369లో, కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనమైతే మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అంటూ ఏకంగా రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్ రాసిపెట్టింది. రాజు పేరు, కట్టించినవాడి పేరు, సింగాయభట్టు పేరు రాళ్ళ మీద మిగిలాయి. ఏటేటా ఆ కాలువలో పూడిక తీసినవాళ్ళ పేర్లు మిగల్లేదు. ఇక్కడిదాకా పాత కథే.

కానీ ఆ కాలానికి ఇంకో తెలివి కూడా ఉంది. రాయలసీమ శాసనాల్లో దశబంధం అనే మాట పదేపదే వస్తుంది. చెరువు కట్టినవాళ్ళకూ, దాన్ని ఎప్పటికప్పుడు మరమ్మతు చేసే బాధ్యత తీసుకున్నవాళ్ళకూ ఆ చెరువు కిందే భూమి ఇచ్చేవాళ్ళు. చెరువు పాడైతే వాళ్ళ పొలమూ ఎండుతుంది. అంటే కాపాడటాన్ని ఎవరి మంచితనానికీ వదిలిపెట్టలేదు, దానికి ఆదాయం ముడిపెట్టారు. ఇక ఊరికో నీరుగంటి. తూము తీసేది, మూసేది, ఏ మడికి ఎంతసేపు పారాలో చూసేది, వానల్లో రాత్రిళ్ళు కట్ట మీద కాపలా తిరిగేది ఆయనే. కోతలప్పుడు ప్రతి కళ్ళంలోనూ ఆయన వాటా గింజలు ఆయనకు కొలిచేవాళ్ళు. దీన్ని చూసి మురిసిపోయే ముందు ఒకటి గుర్తుంచుకోవాలి. చాలా ఊళ్ళలో నీరుగంటి దళితుడే. చెరువును కాపాడేవాడే ఊరి బావిలో చేద వేయకూడదు. పనికి కూలీ ఉంది, మనిషికి మర్యాద లేదు. కాబట్టి ఆ కాలం తిరిగి రావాలని నేనేమీ కోరుకోవట్లేదు. ఆ లెక్కలోని ఒక్క గీత మాత్రం పనికొస్తుందనిపిస్తుంది: నీళ్ళు కాపాడేవాడి కూడు ఆ నీళ్ళలోంచే రావాలి.

మరి ఇప్పుడు ఆ దశబంధం ఏది? నా జవాబు కొందరికి నచ్చదు. క్యానుకు తీసుకునే రెండు రూపాయలు. 2014 అక్టోబరు 2న మొదలైన ఎన్టీఆర్ సుజల పథకంలో 20 లీటర్లకు ప్రభుత్వం పెట్టిన ధర అది. నీళ్ళు మనిషి హక్కు, 2010లో ఐక్యరాజ్యసమితి కూడా ఒప్పుకుంది, హక్కుకు ధర ఏమిటి అనే మిత్రులు నాకున్నారు. వాళ్ళందరికన్నా గట్టిగా అన్నది మా అవ్వ. హిందూపురంలో మా వీధి మొదట్లో ప్లాంటు పెట్టినప్పుడు, "నీళ్ళకు దుడ్లు తీసుకుండేది యాడన్నా ఉందా నాయనా? పాపం కాదా అది?" అనింది. చివరిదాకా ఆమె ఆ నీళ్ళు తాగింది గానీ, కొన్న నీళ్ళని ఒప్పుకోలేదు. "క్యాను తెచ్చిచ్చినోనికి కూలి" అనేది.

అవ్వ తెలియకుండానే సరైన మాట అనిందని నాకిప్పుడు అనిపిస్తుంది. నీళ్ళు ఊరికే ఇవ్వాలన్న మన ధర్మం గొప్పదే. ఎండాకాలం చలివేంద్రం పెట్టని ఊరు లేదు. కానీ ఆ ధర్మం అందరికీ ఒకేలా అందలేదు. కొందరికి చెంబు చేతికిచ్చారు. కొందరికి పైనుంచి దోసిట్లో పోశారు. ఊరికే వచ్చే నీళ్ళకు ఇచ్చేవాడి దయ కావాలి, ఆ దయకు కులం తెలుసు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్ళు తాగింది దానం కోసం కాదు కదా. ప్లాంటు దగ్గర రెండు నాణేలు వేసి క్యాను నింపుకునే మనిషి ఎవరికీ వంగి దోసిలి పట్టక్కర్లేదు. ఇంకా ముఖ్యం, నీళ్ళు బాగాలేకపోతే నిలదీయొచ్చు. ఊరికే ఇచ్చినదాన్ని నిలదీస్తే "ఊరికే వస్తుంటే మళ్ళీ మాటలా" అంటారు. ధర చెల్లించినవాడికి అడిగే నోరు వస్తుంది.

అయితే ఆ రెండు రూపాయలు ఎక్కడికి పోతున్నాయన్నదే అసలు విషయం. ఊళ్ళో రెండు వందల కుటుంబాలు ఉన్నాయనుకుందాం, రోజుకు ఒక్కో క్యాను. నెలకు 12,000. నడిపే మనిషికి ఆరేడు వేలు, కరెంటు, ఫిల్టర్ల ఖర్చు పోను ఏ వెయ్యో రెండు వేలో మెంబ్రేన్ కోసం పక్కన పెట్టొచ్చు. సగం మందే వస్తే నెలకు 6,000, మనిషి జీతానికే చాలదు. అందుకే పల్లెల్లో ఇవి మూతపడుతుంటాయి. టౌనులో అదే నీళ్ళు ఇంటికి తెచ్చిచ్చి పదింతలు తీసుకునేవాళ్ళు బాగా బతుకుతారు. మరి ఆ రెండు రూపాయలు కూడా లేని ఇల్లు? ఉంటుంది, ప్రతి ఊళ్ళోనూ నాలుగైదు ఉంటాయి. వాళ్ళకోసం ధర ఎత్తేస్తే అందరికీ ప్లాంటు పోతుంది. వాళ్ళ క్యానుకు డబ్బు వేరే చోటి నుంచి రావాలి. దాత పని అక్కడ ఉంది. ఆ డబ్బుకు ఏ బోర్డూ ఉండదు.

మా పదకొండు మందిలో ఆరుగురు ఒప్పుకున్నారు. పంచాయతీతో మాట్లాడి పాత ప్లాంటుకే మెంబ్రేన్లు వేయించాం, ఊళ్ళోనే ఒకామెను నడపడానికి పెట్టారు. పాత దాత బోర్డు అలాగే ఉంది. మిగతా ఐదుగురు ఇంకో ఊళ్ళో బడికి బెంచీలు ఇచ్చారు, వాటి మీద పేర్లున్నాయి, పిల్లలు వాటి మీద కూర్చుంటున్నారు. నాకు వాళ్ళతో గొడవ లేదు. నాయన పేరు ఎక్కడో ఒకచోట ఉండాలనుకునే కొడుకుతో నేనేం వాదిస్తాను.

ఈ పనిలో నన్ను ఇంకా ఇబ్బంది పెడుతున్నది వేరే ఉంది. మెంబ్రేన్లు వేసేముందు నడుస్తున్న ప్లాంట్లు నాలుగైదు చూద్దామని తిరిగాను. ధర్మవరం శివార్లలో ఒకటి చూపించిన ఆయన ఒకప్పటి నేతగాడు. మోకాళ్ళు మగ్గం గుంటలో కూర్చోనీయక పట్టుచీరలు వదిలేసి ఈ పనికొచ్చాడు. ప్లాంటు అద్దంలా పెట్టుకున్నాడు. ఏ రోజు ఏ ఫిల్టరు కడిగాడో గోడ మీద సుద్దతో రాసుకున్నాడు. నా దృష్టిలో ఆయనే అసలైన నీరుగంటి. యంత్రం పక్కనుంచి ఇంకో పైపు బయటికి పోతోంది. అదేమిటన్నాను.

"అది రిజెక్ట్ నీళ్ళన్నా. ఒక బిందె మంచివి వస్తే ఇంచుమించు ఒక బిందె అట్ల పోతాది."

ఆర్.ఓ. ఫ్లోరైడ్‌ను మాయం చేయదు, పక్కకు నెడుతుంది. మంచి నీళ్ళలోంచి తీసిందంతా ఆ రెండో బిందెలో చేరి చిక్కబడుతుంది. ఇళ్ళలో పెట్టుకునే చిన్న మిషన్లయితే ఒక బకెట్టుకు మూడు బకెట్లు పారబోస్తాయి. 2019 మేలో హరిత ట్రిబ్యునల్ ఉప్పులు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపున్న చోట ఆర్.ఓ. వద్దనీ, మిగతాచోట్ల కనీసం 60 శాతం నీరు వాడకంలోకి రావాలనీ చెప్పింది ఇందుకే. పారబోసే ఆ బిందె కూడా ఎండిపోతున్న బోరులోంచి వచ్చిందే. ఎంత నిజాయితీగా నడిపినా మా ప్లాంటు, పక్క పొలం రైతు బోరు ఒకే నేలలోంచి తాగుతున్నాయి. అసలు పరిష్కారం నది నీళ్ళే అని ఎవరైనా చెప్తారు. హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్ళు పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరు దాకా వచ్చాయి కూడా. అక్కడి నుంచి కియా కార్ల ఫ్యాక్టరీకి పైపు పోయింది, మా హిందూపురానికీ పైపు వచ్చింది. ఆ పల్లెకు ఇంకా రాలేదు. వచ్చేదాకా రిజెక్ట్ నీళ్ళను ఏం చేయాలి? ఇంకుడుగుంతలోకి వదిలితే ఆ ఫ్లోరైడ్ తిరిగి అదే బోరు వైపు పోతుంది. కాలువలోకి వదిలితే ఇంకొకరి ఇంటి ముందు నిలుస్తుంది. గిన్నెలు కడగడానికి, మరుగుదొడ్లకు వాడొచ్చు, దానికి ఇంకో ట్యాంకు, ఇంకో పైపు, వాటిని చూసుకునే ఇంకో మనిషి.

ధర్మవరం ప్లాంటు వెనక్కి పోయి చూశాను. ఆ పైపు ఒక సిమెంటు తొట్టిలోకి పోతోంది. "ఎనుములు తాగుతాయి, ఊరికే పోకుండా," అన్నాడాయన. పశువులకూ ఫ్లోరోసిస్ వస్తుందని చెప్పాను. ఆయన తొట్టి వైపు చూసి, మరి దీన్ని ఏం చేయమంటావన్నా అని అడిగాడు. ఒక ట్యాంకు, ఓ నూరడుగుల పైపు కొంటే పక్కనున్న రెండు మరుగుదొడ్లకు ఇవ్వొచ్చేమో అన్నాను. సుద్దముక్క తీసుకుని గోడ మీద ట్యాంకు, పైపు అని రాసుకున్నాడు. ధర ఎంతవుతుందో కనుక్కుని ఫోన్ చేస్తానని చెప్పి వచ్చాను.